ఇంట్లో పిజ్జా చేస్తే నిజంగా ఎంత మిగులుతుంది? బేస్ బిస్కెట్‌లా ఎందుకు గట్టిపడుతోంది?

గోదారిగట్టు:

అందరికీ నమస్కారం. మేం ఇంట్లో నలుగురం. మీడియం పిజ్జాలు రెండు తెప్పిస్తే ప్యాకింగు, డెలివరీ కలుపుకుని తొమ్మిది వందల దాకా అవుతోంది. నెలకి రెండు సార్లైనా తప్పడం లేదు కాబట్టి ఇంట్లోనే చేద్దామనుకుంటున్నాం. 28 లీటర్ల ఓటీజీ (కరెంటు ఓవెన్) ఉంది (1500 వాట్లు, డయల్ మీద గరిష్ఠం 250 డిగ్రీలు). ఇనప దోసె పెనం, గ్రాముల తూకం కూడా ఉన్నాయి.

ఇప్పుడు చేస్తున్నది ఇలా: రెండు కప్పుల మైదా, ఒక టీస్పూన్ ఇన్‌స్టంట్ ఈస్ట్, గోరువెచ్చని నీళ్ళు కలిపి చపాతీ ముద్దలా చేసి గంట సేపు మూత పెట్టడం. తర్వాత చపాతీ కర్రతో ఒత్తి, పైన అన్నీ పరిచి, 180 డిగ్రీల్లో 25 నిమిషాలు. అంచులు బిస్కెట్‌లా విరుగుతున్నాయి, నడుమ మాత్రం తడిగా, పచ్చిగా ఉంటోంది. చీజ్ మీద నూనె తేలి, చల్లారేసరికి రబ్బరులా సాగుతోంది. ఒత్తుతుంటే పిండి వెనక్కి ముడుచుకుపోతోంది. తింటుంటే ఈస్ట్ వాసన కూడా తగులుతోంది.

తప్పు ఎక్కడుందో చెప్పగలరా? ఇంకో మాట, చీజ్ ధర చూస్తుంటే అసలు మిగులు ఉంటుందా అని సందేహంగా ఉంది. లెక్క వేసి చూసినవాళ్ళు ఉంటే చెప్పండి.

మైదాముద్ద:

మీరు చెప్పిన వాటిలో చాలావాటికి మూలం ఆ 180 డిగ్రీలేనండీ. అది కేకుకి సరిపోయే వేడి. అంత తక్కువ వేడిలో 25 నిమిషాలు ఉంచితే బేస్‌కి రంగు రాకముందే అందులో తేమంతా పోతుంది, అందుకే బిస్కెట్ అవుతోంది. చీజ్ కూడా అంతసేపు వేడిలో ఉండి కొవ్వు వదిలేస్తుంది. నేపుల్స్‌లో కట్టెల పొయ్యి 430 నుంచి 480 డిగ్రీల దాకా కాగుతుంది, పిజ్జా 60 నుంచి 90 సెకన్లలో బయటికి వచ్చేస్తుంది. మన ఓటీజీకి అంత శక్తి లేదు. అందుకే ఉన్న 250నీ పూర్తిగా వాడుకోవాలి, ఆ వేడి కింద నుంచి తగిలేలా చూసుకోవాలి.

ముందు పిండి సంగతి. తూకం ఉందన్నారు కాబట్టి కప్పులు పక్కన పెట్టేయండి. మైదా 500 గ్రాములు, నీళ్ళు 310, ఉప్పు 10, చక్కెర 8, నూనె 15, ఇన్‌స్టంట్ ఈస్ట్ 3. మొత్తం 846 గ్రాముల ముద్ద వస్తుంది. ఒక్కోటి 210 గ్రాముల చొప్పున 10 అంగుళాల బేసులు నాలుగు అవుతాయి. మీ రెండు కప్పుల మైదా 250 గ్రాముల చుట్టూ ఉంటుంది, ఒక టీస్పూన్ ఈస్ట్ 3 గ్రాములు. అంటే పిండికి కావలసినదానికి రెట్టింపు ఈస్ట్ పడుతోంది. ఆ వాసన దానిదే.

నీళ్ళ దగ్గర చాలామంది చేసే పొరపాటు, చేతికి చపాతీ ముద్ద తగిలినట్టు అనిపించగానే ఆపేయడం. పిజ్జా పిండి అంతకంటే మెత్తగా, మొదట్లో చేతికి అంటుకునేలా ఉండాలి. అంటుకుంటోందని పొడి పిండి చల్లకండి. మైదా, ఈస్ట్, చక్కెర, నీళ్ళు కలిపి, పొడి కనపడకుండా అయ్యాక మూత పెట్టి 20 నిమిషాలు వదిలేయండి. మైదా నీళ్ళు పీల్చుకుని, అందులోని ప్రొటీన్ దానంతటదే సాగే జిగురుగా (గ్లూటెన్) మారుతుంది. అప్పుడు ఉప్పు, నూనె వేసి ఆరేడు నిమిషాలు మర్దించండి. నిమ్మకాయంత ముద్ద తీసి రెండు చేతులతో మెల్లగా సాగదీస్తే చిరగకుండా, వెలుతురు కనపడేంత పల్చగా వస్తే సరిపోయినట్టే.

మైదా ప్యాకెట్ వెనక పోషక విలువల పట్టికలో 100 గ్రాములకి ప్రొటీన్ ఎంతో చూసి కొనండి. మన దగ్గర మామూలు మైదాలో 9 నుంచి 11 గ్రాములు ఉంటుంది. 11కి దగ్గరగా ఉన్నది ఎంచుకోండి. 9 ఉన్నదైతే నీళ్ళు 300కి తగ్గించాలి, లేకపోతే ముద్ద జారిపోతుంది.

వేడికాలంలో గోరువెచ్చని నీళ్ళు అస్సలు వద్దు. ఇన్‌స్టంట్ ఈస్ట్‌కి వాటి అవసరం లేదు, పొడి పిండిలో నేరుగా కలిపేయొచ్చు. కలిపిన ముద్ద 26 డిగ్రీల దగ్గర ఉంటే మంచిది. చేత్తో కలిపేవాళ్ళకి పనికొచ్చే సులువైన లెక్క ఒకటుంది: 78లోంచి పిండి వేడి, గది వేడి తీసేస్తే మిగిలేది నీళ్ళ వేడి. మే నెలలో గది 36, పిండి 34 ఉంటే 8 వస్తుంది. అంటే ఫ్రిజ్‌లోంచి తీసిన నీళ్ళే పోయాలి. మే నెలలో ఇడ్లీ పిండి ఎంత త్వరగా పులిసిపోతుందో తెలిసిందే కదా, ఇదీ అంతే. విజయవాడ ఎండల్లో గంట అనుకున్నది ముప్పావుగంటలోనే పొంగిపోతుంది. దాన్ని అలాగే వదిలేస్తే జిగురు తెగి, ఓవెన్‌లో పెట్టాక పొంగు రాదు.

పొంగింది సరిపోయిందా అన్నది గడియారంతో తేల్చకండి. వేలు పొడి పిండిలో ముంచి ముద్దలోకి ఒక కణుపు లోతుకి గుచ్చి తీయండి. గుంట వెంటనే పూడిపోతే ఇంకా కావాలి. నెమ్మదిగా లేస్తూ సగంలో ఆగిపోతే తయారైనట్టు. గుంట అలాగే ఉండి చుట్టూ కుంగిపోతే సమయం దాటిపోయినట్టు. దాటిపోతే పారేయకండి. మళ్ళీ ఉండ చేసి 20 నిమిషాలు ఆగి, పల్చటి బేస్‌గా వాడేయండి.

రుచి కావాలంటే మాత్రం ఫ్రిజ్ పద్ధతే మేలు. ఈస్ట్ ఒకటిన్నర గ్రాములకి తగ్గించి, నాలుగు ఉండలు చేసి, నూనె రాసిన మూత డబ్బాల్లో ఫ్రిజ్‌లో పెట్టండి. 24 గంటలకి బాగుంటుంది, 48కి ఇంకా బాగుంటుంది, 72 దాటనివ్వొద్దు. శనివారం రాత్రి తినాలంటే గురువారం రాత్రో శుక్రవారమో కలుపుకోవాలన్నమాట. తీసిన వెంటనే సాగదు. ఎండాకాలం ముప్పావుగంట, చలికాలం రెండు గంటలు బయట ఉంచాలి.

వెనక్కి ముడుచుకోవడానికి కారణం పిండి విశ్రాంతి లేక బిగుసుకుపోవడమే. కర్రతో ఎంత బలంగా ఒత్తితే అంత ముడుచుకుంటుంది, పైగా లోపలున్న గాలంతా పోతుంది. ముడుచుకుంటుంటే మూతపెట్టి 10–15 నిమిషాలు వదిలి రండి, మళ్ళీ పట్టుకుంటే మీ మాట వింటుంది. వేళ్ళ కొసలతో నడుమ నుంచి బయటికి నొక్కుతూ వెళ్ళండి, చివరి అరంగుళం తాకకండి. అదే అంచుగా పొంగేది.

ఇక ఓవెన్. ట్రేని బోర్లించి కింది అరలో పెట్టండి. మీ ఇనప పెనం పట్టి, దానికి చెక్క పిడిగానీ ప్లాస్టిక్ పిడిగానీ లేకపోతే అదే ఇంకా మంచిది. 250 డిగ్రీలు, పైన కింద రాడ్లు రెండూ, కనీసం 25 నిమిషాలు. లైటు ఆరిపోగానే అయిపోయిందనుకోకండి. అప్పటికి కాగింది గాలి మాత్రమే, ఇనుము కాగడానికి ఇంకా సమయం పడుతుంది. బేస్‌ని బటర్ పేపర్ మీదే తయారుచేసి, పేపర్‌తో సహా వేడి పెనం మీదికి జార్చండి. పేపర్ అంచులు రాడ్లకి తగలకుండా ముందే కత్తిరించాలి. మూడు నిమిషాల తర్వాత బేస్ గట్టిపడ్డాక పేపర్ లాగేయండి. పేపర్ లేకపోతే కింద బొంబాయి రవ్వ చల్లితే చాలు, చక్కగా జారుతుంది. మొత్తం 9 నుంచి 11 నిమిషాలు. అట్లకాడతో అంచు ఎత్తి అడుగు చూడండి. బాగా కాలిన పుల్కా మీద ఉండేలాంటి మచ్చలు కనిపించాలి. పైన చూసి దించేయకండి, నడుమ పచ్చిగా ఉండేది అలా దించినప్పుడే.

లెక్కలచిట్టా:

మైదాముద్ద గారు పిండి విషయం చెప్పేశారు కాబట్టి నేను డబ్బుల దగ్గరికి వస్తాను. ధరలు ఊరిని బట్టి మారతాయి. మీ ఊరి ధరలు పెట్టి ఇదే వరసలో వేసుకోండి.

మైదా కిలో 50 అనుకుంటే 500 గ్రాములకి 25. ఈస్ట్, నూనె, చక్కెర, ఉప్పు అన్నీ కలిపి 6–7. అంటే నాలుగు బేసులకి 32, ఒక్కోటి 8 రూపాయలు. సాస్ 70 గ్రాములకి 9. ఉల్లి, కాప్సికం, మొక్కజొన్న కలిపి 12. కరెంటు సంగతి చాలామంది భయపడతారు గానీ, 1500 వాట్ల ఓటీజీలో 25 నిమిషాలు కాచడం, నాలుగు పిజ్జాలు వరసగా కాల్చడం కలిపి గంటా పావు. వేడి చేరాక థర్మోస్టాట్ మధ్యమధ్యలో ఆపుతుంటుంది కాబట్టి 1.2 యూనిట్ల చుట్టూ తేలుతుంది. యూనిట్‌కి 8 వేసుకున్నా పదే రూపాయలు, పిజ్జాకి రెండున్నర, పోనీ మూడు.

ఇప్పుడు అసలు ఖర్చు. 10 అంగుళాల పిజ్జాకి మొజరెల్లా 90 గ్రాములు. కిలో 550 ప్యాక్ అయితే 50 రూపాయలు. మొత్తం కలిపితే 82. అందులో అరవై శాతం ఒక్క చీజే. అదే చీజ్‌ని 200 గ్రాముల చిన్న ప్యాకెట్ 150కి కొంటే కిలో 750 పడుతుంది, పిజ్జా దాదాపు 100కి చేరుతుంది. కాబట్టి పొదుపు చేయాల్సిన చోటు ఇదొక్కటే. మైదాలో చౌకరకం వెతికి పావలా మిగుల్చుకోవడం వల్ల ఒరిగేదేమీ లేదు. చీజ్ కిలో ప్యాక్ కొని 90 గ్రాముల పొట్లాలు కట్టి ఫ్రీజర్‌లో పెట్టడం దగ్గరే మిగులంతా ఉంది. పన్నీర్ ముక్కలు 40 గ్రాములు వేస్తే ఇంకో 16 కలుస్తుంది.

మీ లెక్కన రెండు మీడియంలకి 900. ఇంట్లో అవే రెండు 165 నుంచి 200 లోపు. ఒకసారికి ఏడు వందలు, నెలకి రెండుసార్లంటే 1400 మిగులు. ఓవెన్ ఇప్పటికే ఉంది కాబట్టి ఇది మొదటి రోజు నుంచే మీ జేబులోది. కొత్తగా 6,000 పెట్టి కొనేవాళ్ళకైతే పిజ్జాకి 350 మిగులుతుందనుకుంటే పద్ధెనిమిదో పిజ్జా నుంచి లాభం మొదలవుతుంది. నెలకి ఒక్కటే చేసే ఇంట్లో అది ఏడాదిన్నర. అలాంటివాళ్ళు ఓవెన్ కొనకండి, పెనం మీద చేసుకోండి.

పోల్చేటప్పుడు సైజు గమనించండి. 7 అంగుళాల పిజ్జా వైశాల్యం 38 చదరపు అంగుళాలు, 10 అంగుళాలది 79. అంటే రెండు చిన్నవి కలిస్తే ఒక మీడియం. ఆఫర్‌లో వచ్చే చిన్న పిజ్జా ధరని ఇంట్లో చేసిన పెద్దదాంతో పోలిస్తే లెక్క తప్పుతుంది. చిన్నది 99కి వస్తుంటే, అదే విస్తీర్ణం ఇంట్లో 41 రూపాయలు. మిగులు ఉంది గానీ మీడియం దగ్గర ఉన్నంత కాదు.

డబ్బు పోయే దారులు వేరే ఉన్నాయి. ఆలివ్స్ సీసా, హాలపీనో సీసా, మూడు రకాల సాసులు ఒకేసారి కొంటారు. రెండు పిజ్జాలకి వాడి మిగతాది ఫ్రిజ్‌లో బూజు పట్టేదాకా ఉంచుతారు. మొదటి ఆరు నెలలు ఉల్లి, కాప్సికం, టమాటా, మొక్కజొన్నతోనే నడపండి. ఇంకో విషయం, 2025 సెప్టెంబర్ 22 నుంచి చీజ్ మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది, పిజ్జా బ్రెడ్ మీద పూర్తిగా తీసేశారు. పాత ఎమ్మార్పీ స్టాకు ఏదైనా కనిపిస్తే తేదీ చూసి తగ్గింపు అడగండి.

పాలమీగడ:

లెక్కలచిట్టా గారు చీజ్ ఎంత అన్నది చెప్పారు. ఏ చీజ్ అన్నది కూడా ముఖ్యమే, ఎందుకంటే చౌకగా దొరికేదంతా చీజ్ కాదు.

ప్యాకెట్ వెనక పదార్థాల వరస చదవండి. పాలు, ఉప్పు, కల్చర్ (తోడు లాంటిది), పాలని గడ్డకట్టించే రెన్నెట్ లాంటి ఎంజైమ్, ఇంతే ఉంటే అది మొజరెల్లా. అందులో వెజిటబుల్ ఆయిల్ అనో, పామ్ ఆయిల్ అనో కనిపిస్తే చీజ్‌లా కనిపించేలా నూనెతో చేసిన సరుకు. మీ పిజ్జా మీద నూనె తేలడానికి వేడి ఎంత కారణమో ఇది కూడా అంతే కారణం కావచ్చు, ఒకసారి చూసుకోండి. ప్రాసెస్డ్ చీజ్ క్యూబులు, స్లైసులు పాలతో చేసినవే గానీ వాటిలో ఎమల్సిఫైయర్ లవణాలు (కొవ్వు, నీరు విడిపోకుండా ఉంచేవి) కలుపుతారు. మొజరెల్లాలో పాల ప్రొటీన్ పోగుల్ని కాల్షియం పట్టి ఉంచుతుంది, వేడి తగిలితే ఆ పోగులే తీగల్లా సాగుతాయి. ఎమల్సిఫైయర్ లవణాలు ఆ కాల్షియంని లాగేసుకుంటాయి. అందుకే ప్రాసెస్డ్ చీజ్ నున్నగా కరుగుతుంది తప్ప తీగ సాగదు. రుచికి, ఉప్పదనానికి 90లో 20 గ్రాములు ప్రాసెస్డ్ కలపొచ్చు. మొత్తం అదే వేయకూడదు.

నీళ్ళలో తేలే ఉండలుగా అమ్మే తాజా మొజరెల్లా ఓటీజీకి పనికిరాదు. అందులో తేమ ఎక్కువ. మన పది నిమిషాల కాల్పుకి బేస్ మీద చెరువైపోతుంది. గట్టి బ్లాక్ తీసుకుని చల్లగా ఉన్నప్పుడే తురుముకోండి. తురిమి అమ్మేదానికి అంటుకోకుండా పొడి పూస్తారు, అది కొంచెం ఆలస్యంగా కరుగుతుంది. పెద్దగా నష్టం లేదు. నిలవ పెట్టడానికి తురిమిన చీజ్‌ని పళ్ళెంలో పల్చగా పరిచి గంట సేపు ఫ్రీజర్‌లో పెట్టి, గట్టిపడ్డాక పొట్లాలు కట్టండి. అప్పుడు ఒకే గడ్డగా అతుక్కోదు. రెండు నెలల్లో వాడేయండి, ఒకసారి కరిగినదాన్ని మళ్ళీ గడ్డకట్టించకండి.

ఓటీజీలో చేసేటప్పుడు ఫ్రీజర్ నుంచి తీసిన చీజ్ అలాగే చల్లుకోండి. బేస్ కాలేలోపు చీజ్ మాడకుండా ఆ చలువ కాపాడుతుంది. పెనం మీద చేసేటప్పుడు మాత్రం దీనికి విరుద్ధంగా, అరగంట ముందే బయట పెట్టాలి, ఎందుకంటే అక్కడ పైనుంచి వేడి తక్కువ. చల్లారాక రబ్బరులా అవడం మంచి మొజరెల్లాకీ ఉన్న గుణమే, కోసిన పది నిమిషాల్లో తినేయాలి. మిగిలినదాన్ని మైక్రోవేవ్‌లో కాకుండా పెనం మీద మూతపెట్టి సన్నమంట మీద మూడు నాలుగు నిమిషాలు వేడి చేయండి, అడుగు మళ్ళీ కరకరలాడుతుంది.

సాస్‌కి బాగా పండిన టమాటాలు కిలో. మరిగే నీళ్ళలో నిమిషం వేసి తొక్క తీసి, గింజల చుట్టూ ఉండే నీళ్ళని జల్లెడలో వడకట్టి, గుజ్జు చేసుకోండి. వెడల్పాటి మూకుడులో రెండు టేబుల్ స్పూన్ల నూనె, ఆరు వెల్లుల్లి రెబ్బలు, ఈ గుజ్జు వేసి 25–30 నిమిషాలు ఉడికిస్తే 400 గ్రాముల దాకా మిగులుతుంది. ఉప్పు 5 గ్రాములు. చిక్కదనం తెలియాలంటే ఒక స్పూను పళ్ళెంలో వేసి నిమిషం ఆగి చూడండి. ముద్ద చుట్టూ నీటి చార ఊరితే ఇంకా ఉడకాలి. ఆ ఊరే నీరే రేపు మీ బేస్ నడుమకి చేరేది. ఒక పిజ్జాకి 70 గ్రాములు దాటనివ్వకండి. నాలుగు టేబుల్ స్పూన్లు అనుకోండి.

ఒరెగానో సీసా కొనాలన్న నియమమేమీ లేదు. కుండీలో వామాకు ఉంటే రెండు ఆకులు సన్నగా తరిగి సాస్ దించే ముందు వేయండి. ఒరెగానోకి ఆ వాసన ఇచ్చే కార్వక్రాల్ ఇందులోనూ ఉంది. ఎక్కువైతే చేదు, కాబట్టి రెండే. ఇటాలియన్ బేసిల్ బదులు మన తులసి మాత్రం వేయొద్దు, దానిది లవంగం ఘాటు, టమాటాతో పొసగదు. కారానికి గుంటూరు ఎండుమిర్చి దోరగా వేయించి కచ్చాపచ్చాగా దంచుకుంటే బయట పొట్లంలో ఇచ్చేదాని కంటే బాగుంటుంది.

మదనపల్లె మార్కెట్‌లో టమాటా ధర పడిపోయి ఊళ్ళో కిలో పదికీ పదిహేనుకీ వచ్చే రోజుల్లో నాలుగైదు కిలోలు ఇలా వండి ఐస్ ట్రేలలో గడ్డకట్టించి దాచుకోండి. 2023 జులైలోలా కిలో 150 దాటే రోజులొస్తే ఆ ముక్కలే కాపాడతాయి. పుట్టగొడుగుల్లో 90 శాతం నీరే, వాటిని ముందే పెద్దమంట మీద వేయించి నీరు ఇగిర్చాలి. చికెన్ ఎప్పుడూ ముందే పూర్తిగా ఉడికి ఉండాలి.

పెనంమీద:

ఓవెన్ లేనివాళ్ళు కూడా చదువుతారు కాబట్టి రాస్తున్నాను. ఇనప దోసె పెనానికి 170 గ్రాముల ఉండ తీసుకుని 9 అంగుళాలకి పల్చగా సాగదీయండి. పెనం మధ్యస్థపు మంట మీద నాలుగు నిమిషాలు కాగనిచ్చి బేస్ వేయండి. నిమిషంన్నర, రెండు నిమిషాల్లో బుడగలు లేస్తాయి. తిరగేసి, మంట బాగా తగ్గించి, కాలిన వైపు మీద సాస్, తర్వాత చీజ్, వేయించుకున్న కూరగాయలు వేసి మూతపెట్టి ఐదారు నిమిషాలు. కూరగాయలు పచ్చివి వేస్తే అవి ఉడికేలోపు అడుగు మాడుతుంది. మూత లోపల ఆవిరి పట్టి చీజ్ మీద చుక్కలు పడతాయి, అందుకే మూతకి పొడి గుడ్డ చుట్టి కొసలు పైన ముడి వేయండి, మంటకి తగలకూడదు. చీజ్‌కి ఓవెన్‌లోలా గోధుమరంగు మచ్చలు రావు. రుచికి లోటుండదు.

కుక్కర్‌లో ఉప్పు పోసి గాస్కెట్ తీసి చేసే పద్ధతి చాలా చోట్ల చెప్తారు. నేనైతే వద్దంటాను. అల్యూమినియం కుక్కర్‌ని నీళ్ళు లేకుండా అరగంట కాస్తే అడుగు వంగిపోవచ్చు, తర్వాత పప్పు వండేటప్పుడు మూత సరిగా పట్టదు. 80 రూపాయల పిజ్జా కోసం 2,000 కుక్కర్‌ని పాడుచేసుకోవడం పొదుపు కాదు. నాన్‌స్టిక్ పెనం కూడా ఖాళీగా పెద్దమంట మీద కాచకూడదు.

గోదారిగట్టు గారూ, మీ ఓటీజీలో పల్చటి పిజ్జా కుదిరేదాకా పాన్ పిజ్జా చేసి చూడండి, అది తప్పుల్ని ఎక్కువగా సహిస్తుంది. 8 అంగుళాల కేకు గిన్నెలో ఒక టేబుల్ స్పూన్ నూనె పోసి, 210 గ్రాముల ఉండ పెట్టి (ఈసారి 500 మైదాకి నీళ్ళు 340 దాకా పోయొచ్చు), గిన్నె నిండా వేళ్ళతో సాగదీసి గంట వదలండి. సాస్ నడుమ, చీజ్ గిన్నె అంచుకి తగిలేదాకా. 240 డిగ్రీల్లో కింది అరలో 14–16 నిమిషాలు. అడుగు నూనెలో వేగినట్టు కరకరలాడుతుంది, చీజ్ అంచు పెసరట్టు కొసలా ఎర్రగా అవుతుంది. తీసి చూస్తే అడుగు ఇంకా తెల్లగా ఉందా, గిన్నెని పట్టకారుతో పట్టి గ్యాస్ సన్నమంట మీద నిమిషం తిప్పండి, సరిపోతుంది.

టెక్సాస్_తెలుగు:

అమెరికాలో ఉండి ఇది చదివేవాళ్ళకి ఒక మాట. ఇక్కడ లెక్క వేరు. కాస్ట్‌కో స్టోర్లలో 18 అంగుళాల పూర్తి పిజ్జా 9.95 డాలర్లు, అంటే 254 చదరపు అంగుళాలు. ఆ ధరకి ఇంట్లో చేసి మిగిల్చేది కొద్దిగానే. రెస్టారెంట్ పిజ్జాతో పోలిస్తేనే తేడా బాగా కనపడుతుంది. కొలతలు కూడా మారతాయి. బ్రెడ్ ఫ్లోర్‌లో (బ్రెడ్ కోసం అమ్మే పిండి) ప్రొటీన్ 12 పైన ఉంటుంది కాబట్టి 500 గ్రాములకి నీళ్ళు 325–335 పోయాలి, మైదా కొలతే పోస్తే గట్టిగా వస్తుంది. ఇళ్ళలో ఓవెన్లు 500 నుంచి 550 ఫారెన్‌హీట్ దాకా వెళ్తాయి, అంటే 260–288 సెల్సియస్. పావు అంగుళం మందం ఉక్కు పలకని ముప్పావుగంట కాచి వాడితే ఏడెనిమిది నిమిషాల్లో అయిపోతుంది.

గోదారిగట్టు:

అందరికీ చాలా ధన్యవాదాలు. 250లో, బోర్లించిన ట్రే మీద చేసి చూస్తాం. ఇంకో రెండు సందేహాలు. పెద్దవాళ్ళ కోసం మైదా బదులు గోధుమపిండి వాడితే కొలతలు ఎలా మార్చాలి? ఈస్ట్ 500 గ్రాముల ప్యాకెట్టే చౌకగా ఉంది. అంత కొంటే పాడవదా? బేసులు ముందే చేసి దాచుకోవచ్చా అన్నది కూడా చెప్పండి.

మైదాముద్ద:

పూర్తిగా గోధుమపిండితో చేస్తే బరువుగా, రొట్టెలా వస్తుందండీ. ప్రొటీన్ తక్కువై కాదు. చపాతీ పిండిలో ఉండే పొట్టు జిగురు పోగుల్ని కోసేస్తుంది, అందుకని గాలి నిలవదు. సగం సగం కలపండి. 250 మైదా, 250 గోధుమపిండి, నీళ్ళు 345. చక్కీలో ఆడిన పిండి నీళ్ళు ఎక్కువ తాగుతుంది కాబట్టి కలిపాక 20 నిమిషాలు కాకుండా 40 నిమిషాలు వదలండి. పొంగు రెట్టింపు కోసం చూడకండి, ఒకటిన్నర రెట్లకే ఆపి కాల్చేయాలి. ఫ్రిజ్‌లో 24 గంటలు దాటితే పులుపు తెలుస్తుంది.

ఈస్ట్ పెద్ద ప్యాకెట్ కొనుక్కోండి, భయం లేదు. తెరవగానే తడిలేని గాజు సీసాలో పోసి బిగుతుగా మూతపెట్టి ఫ్రీజర్‌లో ఉంచండి. గడ్డకట్టదు, తీసినప్పుడు పొడిపొడిగానే ఉంటుంది. కావలసింది తీసుకుని సీసా వెంటనే లోపల పెట్టేయాలి. బయట ఉంచితే మన తేమకి రెండు నెలల్లో బలం తగ్గిపోతుంది. అనుమానం వస్తే అర గ్లాసు గోరువెచ్చని నీళ్ళలో అర టీస్పూన్ చక్కెర, అర టీస్పూన్ ఈస్ట్ వేసి పది నిమిషాలు చూడండి. పైన నురగ పొర కడితే బతికి ఉన్నట్టే. ఇక్కడ మాత్రం నీళ్ళు గోరువెచ్చగా ఉండాలి గానీ చెయ్యి పెట్టలేనంత వేడి వద్దు, 60 డిగ్రీలకి చేరితే ఈస్ట్ చచ్చిపోతుంది.

బేసులు దాచుకోవడానికి 230 డిగ్రీల్లో పైన ఏమీ వేయకుండా నాలుగు నిమిషాలు కాల్చండి. తెల్లగానే ఉండి, వేలితో నొక్కితే గట్టిపడినట్టు తగలాలి. పొంగి పూరీలా లేవకుండా ముందే ఫోర్కుతో గుచ్చుకోవడం మరవకండి. జాలీ మీద పూర్తిగా చల్లారాక ఒక్కోదాని మధ్య బటర్ పేపర్ పెట్టి, గాలి దూరని కవర్లో ఫ్రీజర్‌లో నెల దాకా. వేడి మీదే కవర్లో చుడితే లోపలి ఆవిరి నీరై బేస్ జిగటగా అయిపోతుంది. కావలసిన రోజు గడ్డగా ఉన్నదాని మీదే సాస్, చీజ్ వేసి 250లో ఏడెనిమిది నిమిషాలు.